పచ్చని చేను మీద నాగలి

నారాయణఖేడ్ బస్ డిపో ఎదురుగా ఉన్న హోటల్లో చాయ్ గ్లాసు నోటి దాకా తెచ్చానో లేదో, నర్మద వచ్చి నా ముందు నిలబడింది. చంకలో విత్తనాల సంచి ఉంది. చెమటకు జుట్టు నుదుటికి అతుక్కుపోయింది. మా ఊరి సంగమేశ్ పెళ్ళాం ఆమె. చాయ్ తాగేటప్పుడు ఎవరైనా పని చెబితే నాకు ఒళ్ళు మండుతుంది. ట్రాక్టరు ఉన్నవాడికి ఊరంతా చుట్టాలే, అదీ దుక్కుల కాలంలోనే. ఆ తర్వాత దారిలో ఎదురుపడినా పలకరించే దిక్కుండదు. అందుకని మొహం ముడుచుకునే ఏంది అన్నాను.

"మొగులన్నా, ట్రాక్టర్ తియ్యి. చేను దున్నాలె," అంది.

ఏ చేను అని అడిగాను. వాళ్ళకు ఉన్నది ఒక్కటే చేను, అందులో సోయా ఉంది. అందుకే అడిగాను.

"సోయా చేనే," అంది.

నాకు పొలమారింది. చాయ్ అంగీ మీద ఒలికింది. ఆ చేను విత్తింది నేనే. మొదటి వానలకు మా ఊళ్ళో అందరికంటే ముందు విత్తిన చేను అది. నా సాళ్ళు తాడు పట్టి గీసినట్టుంటాయని పక్క ఊళ్ళవాళ్ళు కూడా ఒప్పుకుంటారు, ఒప్పుకోవడం ఇష్టం లేకపోయినా. మొన్నీమధ్య ఆ దారిన పోతూ బండి ఆపి మరీ చూసుకున్నాను. మొలక ఒత్తుగా వచ్చి, జానెడు ఎత్తు లేచి, కంటికి చలువగా ఉంది. అట్లాంటి చేను దున్నమనడం, ఊయల తొట్టెలో పిల్లను తీసి బావిలో వెయ్యమన్నట్టే వినపడింది నాకు. మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకున్నారేమో, కోపంలో ఏదో అంటోందేమో అనుకున్నాను.

ఆమె గొంతులో కోపమేమీ లేదు. చేను చచ్చిపోయిందనీ, కలుపు మందు కొడితే పైరే పోయిందనీ తల వంచుకుని చెప్పింది. పొద్దున్నే ఆటోలో వచ్చి వ్యవసాయం మేడమ్‌ను కలిసిందట. మళ్ళీ సోయా వేస్తే భూమిలో ఉన్న మందుకు అదీ చస్తుందనీ, జొన్నకైతే ఏమీ కాదనీ ఆమె చెప్పిందట. సంచిలో ఉన్నవి జొన్న విత్తనాలే. మొన్న పడ్డ వాన పదును, విత్తనానికి సరిపడే ఆ తడి, ఈ పూట ఉంది, ఈ ఎండకు రేపటికి ఉండదు. ఆ తర్వాత వాన ఎప్పుడు పడుతుందో మబ్బుకే తెలియదు, మనకేం తెలుస్తుంది.

సంగమేశ్ ఏమన్నాడని అడిగాను. ఆయనకు ఇంకా చెప్పలేదంది.

 మొగుడికి చెప్పకుండా చేను దున్నించే ఆడమనిషిని నేనింతవరకు చూడలేదు. దున్నిపెట్టిన మగవాడిని కూడా చూడలేదు, ఆ మొదటివాణ్ణి నేను కాదలచుకోలేదు. ఆ మాటే గట్టిగా చెప్పాను. హోటల్లో నలుగురు తిరిగి చూశారు. చేను దగ్గరికి పోయాక తనే చెప్తాననీ, నన్ను మాత్రం బండి తియ్యమనీ ఆమె నెమ్మదిగా అంది. ఎందుకు లేచానో ఇప్పటికీ చెప్పలేను. నా చేతులతో విత్తిన చేను చావడమేమిటో కళ్ళారా చూడాలనిపించింది కావచ్చు. బండి వెనక దున్నే కల్టివేటర్ తగిలించే ఉంది. ఆమె మడ్‌గార్డు మీద కూర్చుని సంచి ఒళ్ళో పెట్టుకుంది. మనూర్ రోడ్డు పట్టాం. 

దూరం నుంచి చూస్తే చేను పచ్చగానే ఉంది. నాకు నర్మద మీద మండింది. ఇంత పచ్చని చేను పెట్టుకుని నన్ను చాయ్ తాగనివ్వకుండా లాక్కొచ్చిందని పళ్ళు నూరుకున్నాను. దిగి గట్టెక్కి చూశాను. ఒక్క మొక్క నిటారుగా లేదు. కాడలు మెలితిరిగి నేలకు వాలాయి. ఆకులు దొప్పల్లా ముడుచుకుపోయాయి. రంగు మాత్రం పోలేదు, అదే మాయ. మధ్యలో గడ్డి దర్జాగా నిలబడి గాలికి ఊగుతోంది. చావాల్సింది బతికింది, బతకాల్సింది చచ్చింది. ఈ చివర నుంచి ఆ చివరి దాకా, నేను విత్తిన ప్రతి సాలూ అంతే. 

జరిగింది ఇదీ. కలుపు తీయడానికి ఏటా సిర్గాపూర్ దిక్కు నుంచి వచ్చే కూలీలు ఈసారి పట్నం పోయారు. వాన మీద వాన పడి గడ్డి లేచింది. నర్మద వాళ్ళన్న జహీరాబాద్ దగ్గర చెరుకు వేస్తాడు. ఆయన చెరుకులో ఏదో మందు కొడితే కలుపంతా మాడి చెరుకు ఒక్కటే నిగనిగలాడిందట. అక్కడ మిగిలిన డబ్బా సంగమేశ్ తెచ్చుకుని ఇక్కడ సోయా మీద కొట్టాడని ఊరివాళ్ళు నాకు చెప్పారు. చెరుకు గడ్డి జాతి, సోయా వెడల్పాకుల జాతి. ఆ మందు గడ్డిని వదిలి ఆకును చంపుతుంది, అక్కడి కలుపు ఆకు జాతిది కాబట్టి మాడింది. డబ్బా మీద ఆ ముక్క రాసే ఉంటుంది, చదివిందెవరు? కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

గట్టు మీద చావింటి దగ్గర కూడినట్టు జనం కూడారు. సంగమేశ్ తల్లి రామవ్వ నెత్తి మీద కొంగు కప్పుకుని, చేనును పేరు పెట్టి పిలుస్తూ ఏడుస్తోంది. మధ్యలో ఏడుపు ఆపి, ఇల్లు ముంచావు కదరా అని కొడుకును తిడుతోంది. మళ్ళీ ఏడుస్తోంది. సంగమేశ్ మోకాళ్ళ మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు. ఆరడుగుల మనిషి, జాతరలో బండరాయి ఎత్తినవాడు, గుప్పెడంత అయిపోయాడు. పక్కన టానిక్ సీసాలు వరసగా పెట్టి ఉన్నాయి. పైరు మళ్ళీ లేస్తుందని ఎవరో దుకాణంవాడు అంటగట్టాడు. చచ్చిన పైరుకు టానిక్ అమ్మినవాడికి ఇంట్లో అన్నం ఎట్లా దిగుతుందో నాకు తెలియదు.

అక్కడున్నవాళ్ళకు సలహాలకు మాత్రం కరువు లేదు. మా ఊళ్ళో పెద్దమనిషి బీరప్ప తాత, బెల్లం నీళ్ళు చల్లి పది రోజులు చూడమన్నాడు. ఇంకొకడు మజ్జిగ అన్నాడు. ఒకడు యూరియా అన్నాడు. అందరి మాటల్లోనూ ఉన్నది ఒక్కటే, ఆగమని. ఆగడానికి ఖర్చు లేదు కాబట్టి ఆ సలహా ఇవ్వడం సులువు. ఆగితే పోయేది వాళ్ళ పదును కాదు.

పోయేది ఏమిటో అందరికీ తెలుసు. సంగమేశ్ ఇప్పటికే పట్నంలో ఒక మేస్త్రీతో మాట్లాడి పెట్టుకున్నాడు. పైరు లేవకపోతే ఎడ్లను అమ్మేసి, ఇంటికి తాళం వేసి, తల్లీ పెళ్ళాం బిడ్డతో సహా బిల్డింగుల పనికి వస్తానని మాటిచ్చాడు. బిడ్డ మనూర్ బడిలో చదువుతోంది. అట్లా పోయినవాళ్ళ ఇళ్ళు మా ఊళ్ళో చాలానే ఉన్నాయి. గోడలు కూలుతున్నాయి, వాళ్ళు రావడం లేదు. ఇప్పుడు జొన్న పడితే తినడానికి రొట్టె ఉంటుంది, ఎడ్లకు చొప్ప ఉంటుంది, పోవాల్సిన పని ఉండదు. ఈ పూట దాటితే పోవడమే.

నర్మద పోయి మొగుడి ముందు నిలబడింది. జొన్న తెచ్చాననీ, మొగులన్నను పిలుచుకొచ్చాననీ, ఇప్పుడే దున్నించాలనీ చెప్పింది.  సంగమేశ్ తల ఎత్తి ఆమెను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. బీరప్ప తాత చెవుల మీద చేతులు పెట్టుకున్నాడు.

"పచ్చని పైరు మీద నాగలి పెడ్తే ఇంటికి అరిష్టం బిడ్డా. మా తాతల కాలంల గూడ ఎవ్వలు పెట్టలే," అన్నాడు.

ఆ మాట మా అమ్మ కూడా అనేది. మొలకెత్తిన చేనులో ఎద్దు కాలు పడితేనే చెంపలు వేసుకునే జాతి మాది. ఎండిపోయాక దున్నవచ్చు, పచ్చగా ఉన్నప్పుడు కూడదు. ఇది ఎండడానికి ఇంకా రోజులు పడుతుంది. అప్పటికి పదునూ ఉండదు, అదనూ ఉండదు. ఈ లెక్క నాకు తెలిసినా, తిరిగి బండెక్కి కూర్చుని తటపటాయించాను. నర్మద మాత్రం వెనక్కి చూడకుండా చేనులోకి దిగి, రమ్మని నాకు చెయ్యి ఊపింది. మొగుడు కాదనలేదు కదా అనుకుని నేను బండి దింపాను.

సంగమేశ్ లేచాడు. అంగీ విప్పి గట్టు మీద పారేశాడు. కొట్టడానికి వస్తున్నాడనుకుని నేను ఇనప పాన కోసం చూశాను. అతను నా వైపు రాలేదు. పరుగెత్తుకుంటూ వచ్చి, బండికి ముందు, ఆ వాలిపోయిన సాళ్ళకు అడ్డంగా పండుకున్నాడు. వెల్లకిలా పండుకుని కళ్ళు మూసుకున్నాడు.

బ్రేకు ఎట్లా తొక్కానో నాకు తెలియదు. ముందు టైరుకూ అతని పక్కటెముకలకూ మధ్య చెయ్యి పట్టేంత జాగా ఉంది. ఇంజను ఆపేశాను.  ఇన్నేళ్ళుగా ట్రాక్టరు నడుపుతున్నాను. రాళ్ళు అడ్డం వచ్చాయి, పాములు వచ్చాయి, ఒకసారి అడవి పంది వచ్చింది. మనిషి వచ్చి పండుకోవడం ఇదే మొదలు.  

నర్మద ఉరికి వస్తుందనీ, కాళ్ళు పట్టుకుంటుందనీ అనుకున్నాను. ఆమె మామూలుగా నడుచుకుంటూ వచ్చింది. సంచి కింద పెట్టింది. మొగుడి తల దగ్గర నిలబడి, అతనితో కాదు, గట్టు మీద ఉన్న ఊరితో మాట్లాడింది.

"మందు తెచ్చింది ఈయన గాదు, నేను. మా అన్న చేనుల మిగిలిన డబ్బా బస్సుల పట్టుకొచ్చింది నేను. ఈయన వద్దన్నడు. అడిగి కొడ్తా అన్నడు. అడుగుడేంది, నా కండ్లతోని చూసిన గద, కొట్టుమని కొట్టించింది నేను. మీరందరు ఈయనను తిడ్తుంటే నోరు మూసుకున్న. ఇగ మూసుకోను."

  రామవ్వ కొంగు నెత్తి మీద నుంచి జారి భుజం మీద పడింది, ఆమె సర్దుకోలేదు. సంగమేశ్ కళ్ళు తెరిచి లేచి కూర్చున్నాడు. అతని వీపుకు మన్నూ ఆకులూ అంటుకున్నాయి.

"ఎందుకు చెప్పినవే?" అన్నాడు.  "ఇది మల్ల లేస్తే నీ పేరు బయటికి రాకుండనే పోతుండె గద."

అప్పుడు నాకు అర్థమైంది, అర్థమైనందుకు ఇంకా దెబ్బ తగిలింది. టానిక్ సీసాలు పైరు కోసం కాదు. బండి కింద పండుకున్నదీ పైరు కోసం కాదు. అది చచ్చిందని ఒప్పుకుంటే, చంపిందెవరని ఊరు తవ్వి తీస్తుంది. తవ్వితే పుట్టింటి మందు తెచ్చి మెట్టినిల్లు ముంచిన కోడలని పేరు పడుతుంది. ఆ పేరు మా ఊళ్ళో చచ్చేదాకా పోదు, చచ్చాక కూడా మనవరాళ్ళకు చెప్తారు. ఆ తిట్లన్నీ తనే తిని, పైరు లేస్తుందని దేవుణ్ణి నమ్మినట్టు నమ్మి కూర్చున్నాడు ఈ పిచ్చివాడు. పెళ్ళాన్ని కాపాడుతూ పంట కాలాన్ని చేజేతులా పోగొట్టుకుంటున్నాడు.

నర్మద అతని ముందు గొంతుక్కూర్చుంది.

"తప్పు ఏడికి పోదు. నా మీదనే ఉంటది, నేను మోస్త," అంది. "పదునే పోతది. లే."

అంతే అంది. ఏడవలేదు, దండం పెట్టలేదు. సంగమేశ్ ఆమె మొహం చూశాడు, చేను చూశాడు. తల దగ్గర ఉన్న ఒక మొక్కను పీకి, వేరు దగ్గర గోటితో గీరి చూశాడు. లోపల గోధుమ రంగు తిరిగింది. దాన్ని పక్కన పడేసి లేచాడు. కళ్ళు తుడుచుకుని, ఇగ తియ్యి అన్నా అని నాతో అన్నాడు.

తీయడం నా వల్ల కాలేదు. ఇంజను పెట్టాను. లివరు మీద చెయ్యి వేశాను. కల్టివేటర్ దించాలంటే ఆ లివరు కిందికి నొక్కాలి. రోజుకు వంద సార్లు నొక్కుతాను. ఆ పూట నా చెయ్యి నా మాట వినలేదు. కింద నేను విత్తిన సాళ్ళు పచ్చగా కనపడుతున్నాయి, వెనక బీరప్ప తాత రామ రామ అంటున్నాడు. నవ్వేవాళ్ళు నవ్వండి, నాకు భయమేసింది. సంగమేశ్ నా మొహం చూసి గ్రహించాడు. టైరు మీద కాలు పెట్టి పైకెక్కి, నన్ను దిగమన్నాడు. అతను నా బండి ఎప్పుడో సరదాకు నడిపాడు గానీ దుక్కి దున్నలేదు. ఇంకో రోజైతే నా సీటు మీద ఎవరినీ కూర్చోనివ్వను. ఆ రోజు నేనే నోరు మూసుకుని దిగాను.

అతను లివరు నొక్కాడు. నాగళ్ళు నేలలో దిగబడి, పచ్చని సోయా వేళ్ళతో సహా లేచి మన్నులో కలిసిపోయింది. గట్టు మీద ఎవరో ఆడమనిషి బావురుమంది. బీరప్ప తాత తువ్వాలు దులుపుకుని, ఇది నేను చూడలేను అంటూ ఊరి దారి పట్టాడు. ఆయన వెంట ఇంకో ఇద్దరు ముగ్గురు పోయారు. సంగమేశ్ మాత్రం తల తిప్పలేదు. ఆ మూల దాకా పోయి మలుపుకుని వచ్చాడు. సాలు పాము పోయిన దారి అయింది. నాకు పళ్ళు పులిశాయి. లివరు ఇంత లేపు, స్టీరింగ్ ఇట్లా పట్టు అని పక్కన ఉరుకుతూ అరిచాను. అరుస్తుంటే నా భయం ఎప్పుడు పోయిందో నాకే తెలియలేదు. మందుకు చావని గడ్డి కూడా నాగళ్ళకు లేచి వేళ్ళు బయటపడి ఎండకు పడింది. మన్ను చేతికి తీసుకుని చూశాను. నల్లగా, మెత్తగా ఉంది. పిడికిలి పడితే ముద్ద అయింది, వదిలితే పొడి అయింది. సరైన పదును అంటే అదే.

విత్తే గొర్రు మా ఇంట్లో ఉండిపోయింది. తెస్తానన్నాను. తెచ్చే లోపు మన్ను ఆరుతుందని నర్మద ఆగలేదు. కొంగు నడుముకు ఒడిలా కట్టి, జొన్నలు పోసుకుని, బండి వెనక దుక్కిలో చల్లుకుంటూ పోయింది. సాళ్ళు లేకుండా చల్లడం చూస్తే నాకు మంటే. అయినా అదనులో చల్లితే పొదలో కూడా పండుతుందని పెద్దలు ఊరికే అనలేదు. సంగమేశ్ రెండోసారి పైపైన తిప్పి విత్తనం మీద మన్ను కప్పుతూ వచ్చాడు. పొద్దు నెత్తి మీద నుంచి పడమటికి వాలింది.  మలుపు దగ్గర బండి ఆగినప్పుడల్లా ఆమె చెంబుతో నీళ్ళు అందించింది, అతను తాగి చెంబు తిరిగి ఇచ్చాడు.

నేను వచ్చి రామవ్వకు కొంచెం దూరంలో గట్టు మీద కూర్చున్నాను. నిజం చెప్పాలంటే, ఆమె పక్కన కూర్చోవడానికి జంకాను. నర్మద ఆ మాట చెప్పినప్పటి నుంచీ ముసలమ్మ పెదవి విప్పలేదు. మిగిలిన ఆడవాళ్ళు దాని కోసమే ఇంటికి పోకుండా కాచుకుని ఉన్నారు. రామవ్వ నోరు మా ఊళ్ళో అందరికీ తెలుసు. కోడి పిల్ల పోతే మూడు వీధులు వినేట్టు తిట్టగల నోరు అది. సొంత కొడుకునే అంత తిట్టింది, ఇక కోడలిని వదులుతుందా? జుట్టు పట్టుకుని పుట్టింటికి తోలుతుందని నా పక్కన ఒకామె పందెం కాసినట్టు చెప్పింది. నాకూ అట్లాగే అనిపించింది.

గట్టు మీద పడి ఉన్న సంగమేశ్ అంగీలో ఫోన్ మోగింది. ఎత్తేవాళ్ళు లేక ఆగిపోయి మళ్ళీ మోగింది. రామవ్వ అంగీ దగ్గరికి లాక్కుని ఫోన్ బయటికి తీసి, ఏది నొక్కాలని నా వైపు చూసింది. చూపించాను. అవతల మేస్త్రీ. మోటు గొంతు, నాకు కూడా వినపడుతోంది. ఈ ఆదివారానికి లారీ వస్తుంది, ఎంతమంది ఎక్కుతున్నారు, మీ జాగాలు పట్టి ఉంచాలా, కోడలు ఇటుకలు మోస్తుందా అని గడగడా అడుగుతున్నాడు.

రామవ్వ చేను వైపు చూసింది. దుమ్ములో నర్మద ఒంగి ఒడిలోంచి గింజలు తీస్తోంది. ముసలమ్మ మొహంలో ఏముందో నాకు అంతుపట్టలేదు. ఆడవాళ్ళు మాటలు ఆపి ముందుకు వంగారు.

"ఎవ్వరం రాము," అంది ఫోన్‌లో. "మా కోడలు జొన్న చల్లుతున్నది."

 మేస్త్రీ హలో హలో అంటున్నాడు. ఆమెకు ఫోన్ ఆపడం తెలియదు. అట్లాగే నా చేతిలో పెట్టి, కొంగు నడుముకు చుట్టుకుని, మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, జొన్న సంచి దగ్గరికి నడిచింది.